సోలార్, పవన విద్యుత్ కంపెనీలు, ప్రభుత్వ సబ్సిడీలు, కొత్త ఆవిష్కరణలు: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ ఆటోనగర్‌లో సోలార్ స్ట్రక్చర్లు చేసేవాళ్లు, గుంటూరు చుట్టుపక్కల మిర్చి డ్రయ్యర్లు, పంపు కంట్రోలర్లు తయారుచేసే చిన్న కంపెనీలు, ఇంజినీరింగ్ పూర్తిచేసి స్టార్టప్ పెట్టాలనుకునే పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. పథకాల గడువులు, రేట్లు మారుతుంటాయి. దరఖాస్తు చేసే రోజున పోర్టల్‌లో మరోసారి సరిచూసుకోండి.

సబ్సిడీ వస్తే కంపెనీలు కొత్తగా ఆలోచిస్తాయా, ఉన్న ఆలోచన కూడా మానేస్తాయా?

రెండూ జరుగుతాయి. ఏది జరుగుతుందన్నది ఆ రూపాయిని దేనికి ముడిపెట్టారన్న దాన్నిబట్టి ఉంటుంది. బిగించిన కిలోవాట్‌కి ముడిపెడితే కంపెనీ తక్కువ ఖర్చుతో ఎక్కువ కిలోవాట్లు బిగించే దారి వెతుకుతుంది. ఉత్పత్తయిన యూనిట్‌కి ముడిపెడితే యంత్రం ఆగకుండా నడిచే దారి వెతుకుతుంది. ఫలానా స్పెసిఫికేషన్‌కి ముడిపెడితే ఆ కాగితంలో ఉన్నదే చేస్తుంది, అంతకంటే మెరుగైనది చేతిలో ఉన్నా పక్కన పెడుతుంది. పరిశోధనకు ముడిపెడితే ప్రోటోటైప్ తయారవుతుంది, అయితే దాన్ని కొనేవాడు దొరకాలి. ఇంజినీర్లు ఏం ఆలోచించాలో చాలావరకు పథకం మార్గదర్శకాలే నిర్ణయిస్తాయి. అందుకే సబ్సిడీ ఎంత అని అడిగే ముందు దేనికిస్తున్నారు అని అడగాలి.

దీనికి మన దేశంలోనే రుజువు ఉందా?

పవన విద్యుత్ చరిత్రే రుజువు. చాలా ఏళ్లు గాలిమరలకు మొదటి ఏడాదే 80 శాతం తరుగుదల చూపించుకునే వీలుండేది. 6 కోట్ల రూపాయల గాలిమర కొంటే తొలి ఏడాదే 4.8 కోట్లు ఖర్చుగా రాసుకోవచ్చు. పన్ను 30 శాతం అనుకుంటే దాదాపు 1.44 కోట్లు వెంటనే మిగిలినట్టే. రెక్కలు తిరిగినా తిరక్కపోయినా ఆ మిగులు వచ్చేస్తుంది. అలాంటప్పుడు కొనేవాడు గాలి సరిగా వీచే చోటు గురించి, గేర్‌బాక్స్ మన్నిక గురించి గట్టిగా అడగాల్సిన పని ఏముంది? లాభాలున్న వేరే వ్యాపారస్తులు పన్ను కోసం గాలిమరలు కొన్నారు. తయారీదారులు కూడా వాళ్లకు నప్పేలా స్థలం, మర, నిర్వహణ అన్నీ కలిపి ఒకే ప్యాకేజీగా అమ్మారు.

2009 డిసెంబరులో యూనిట్‌కి 50 పైసల ప్రోత్సాహకం తెచ్చాక లెక్క మారింది. కరెంటు పుడితేనే డబ్బు కాబట్టి ఎత్తయిన టవర్లు, పెద్ద రోటర్లు, తక్కువ గాలికీ తిరిగే మోడళ్ల మీద ఆసక్తి పెరిగింది. 2012లో 80 శాతం తరుగుదలను 15కు తగ్గించారు, యూనిట్ ప్రోత్సాహకం కూడా అప్పుడే ఆగింది. 2011-12లో సుమారు 3,200 మెగావాట్లు ఏర్పాటైన దేశంలో 2012-13లో సుమారు 1,700 మెగావాట్లే ఏర్పాటయ్యాయి. తర్వాత రెండింటినీ మళ్లీ తెచ్చారు, 2017లో మళ్లీ కుదించారు. ఇలా తెచ్చి తీసేస్తూ ఉంటే ముందుగా మూతపడేది డిజైన్ విభాగమే. ఆర్డర్లు లేని ఏడాదిలో ఏ యజమానీ కొత్త రెక్క అచ్చుకి డబ్బు పెట్టడు.

ఇంటి పైకప్పు సోలార్ సబ్సిడీ వల్ల మంచి ప్యానెళ్లు వస్తున్నాయా?

ప్యానెళ్లు ఎక్కువ ఇళ్లకు వస్తున్నాయి, అది పెద్ద మేలు. మెరుగైన ప్యానెల్ కావాలన్న ఒత్తిడి మాత్రం ఈ పథకం నుంచి పుట్టడం లేదు.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం మొత్తం వ్యయం 75,021 కోట్లు, లక్ష్యం కోటి ఇళ్లు. మొదటి 2 కిలోవాట్లకు కిలోవాట్‌కి 30,000, మూడో కిలోవాట్‌కి 18,000, అంటే గరిష్ఠంగా 78,000 రూపాయలు. ప్యానెళ్ల మొత్తం, ఇన్వర్టర్ సామర్థ్యం, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దాన్నే లెక్కలోకి తీసుకుంటారు.

ఇప్పుడు మే నెల మధ్యాహ్నం విజయవాడ డాబా మీదకి రండి. బయట 44, 45 డిగ్రీలుంటే ప్యానెల్ వేడి 70 డిగ్రీల దాకా పోతుంది. ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. అంటే 45 డిగ్రీల తేడా. డిగ్రీకి 0.35 శాతం కోల్పోయే పాత రకం ప్యానెల్ 15.75 శాతం పోగొట్టుకుంటుంది. పూర్తి ఎండ ఉన్నా 3 కిలోవాట్లు కాస్తా 2.53 అవుతాయి. డిగ్రీకి 0.26 శాతమే కోల్పోయే రకమైతే 2.65 దగ్గర నిలుస్తుంది. అంటే 120 వాట్ల తేడా, అదీ ఏసీలు తిరిగే వేళ. కానీ రెండిటికీ సబ్సిడీ అదే 78,000. వెండర్ ఏది తెస్తాడు? చవకైనదే తెస్తాడు.

వెండర్‌ను తప్పుపట్టి లాభం లేదు, కొలబద్దే అలా ఉంది. ఫ్యాక్టరీలకు ఇచ్చే ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకంలో (మొదటి విడత 4,500 కోట్లు, రెండో విడత 19,500 కోట్లు) ప్యానెల్ సామర్థ్యాన్నీ (పడిన ఎండలో ఎంత కరెంటుగా మారుస్తుందన్నది), ఈ వేడి గుణకాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. దేశంలో పెట్టిన కొత్త ఫ్యాక్టరీలు పాత రకాన్ని వదిలి, సామర్థ్యం ఎక్కువుండే టాప్‌కాన్ వంటి కొత్త సెల్ రకాలవైపు వెళ్లడానికి అదీ ఒక కారణం. ఒకే ప్రభుత్వం, రెండు పథకాలు. ఒకటి వేడిని కొలుస్తోంది, ఇంకొకటి కొలవడం లేదు. వేడికి పేరుపడ్డ మన జిల్లాల్లో ఇది చిన్న సంగతి కాదు.

3 కిలోవాట్లు దాటితే సబ్సిడీ పెరగదు కదా, దాని ప్రభావం ఏమిటి?

మార్కెట్ మొత్తం 3 కిలోవాట్ల కిట్ చుట్టూ తయారైంది. స్ట్రక్చర్ కొలతలు, ఇన్వర్టర్ స్టాకు, బ్యాంకు లోను, కొటేషన్ ఫార్మాట్ అన్నీ దానికే. రెండు ఏసీలున్న ఇంటికి 5 కిలోవాట్లు కావాల్సి వచ్చినా కస్టమర్ 3 దగ్గరే ఆగిపోతాడు. 5 కిలోవాట్ల ఇంటికి తగ్గ బ్యాటరీ, లోడ్ మేనేజ్‌మెంట్ వంటి ఉత్పత్తులకు గిరాకీ లేక అవి వెనకపడతాయి.

దేశీయ సెల్స్, దేశీయ ప్యానెళ్లే వాడాలన్న నిబంధన ఆవిష్కరణకు మంచిదా?

నిబంధన ఎలా రాశారన్నది ముఖ్యం. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు సిలికాన్ ప్యానెళ్లు దేశీయంగా తయారైనవే ఉండాలన్నారు, పలుచని పొరలతో చేసే థిన్ ఫిల్మ్ రకాన్ని మాత్రం వదిలేశారు. డెవలపర్లలో చాలామంది విదేశీ థిన్ ఫిల్మ్ వైపు మళ్లారు, ఆ సరుకుకి అమెరికా ఎగుమతి బ్యాంకు చవకగా అప్పు కూడా ఇచ్చింది. మన సిలికాన్ ఫ్యాక్టరీలకు ఒరిగింది తక్కువ. పైగా అమెరికా ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు వేసింది, 2016లో తీర్పు భారత్‌కు వ్యతిరేకంగా వచ్చింది.

తర్వాతి పద్ధతి వేరు. 2022 ఏప్రిల్ 1 నుంచి దిగుమతి ప్యానెళ్లపై 40 శాతం, సెల్స్‌పై 25 శాతం సుంకం వేశారు. ఆమోదిత మోడళ్లు, తయారీదారుల జాబితాను 2024 ఏప్రిల్ నుంచి మళ్లీ గట్టిగా అమలుచేశారు. ఆ జాబితాలోకి రావాలంటే పైకప్పు ప్యానెల్‌కి కనీసం 19.5 శాతం, పెద్ద ప్లాంట్లకు 20 శాతం సామర్థ్యం ఉండాలి. కనీస గీత పెట్టి, దాన్ని కాలక్రమంలో పైకి జరుపుతూ పోతే రక్షణ కూడా ఆవిష్కరణకు పనికొస్తుంది. గీత కదలకపోతే అక్కడే సర్దుకుంటారు.

చిన్న కంపెనీకి ఇబ్బంది ఇంకోచోట ఉంది. పెంకులా ఉండే ప్యానెల్, గోడకు అతికే ప్యానెల్ లాంటి కొత్త ఆకారం చేస్తే ముందు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ధ్రువీకరణ, తర్వాత జాబితాలో నమోదు, అప్పుడే సబ్సిడీ. కాబట్టి మొదటి వంద అమ్మకాలు సబ్సిడీ లేకుండానే జరగాలని లెక్కేసుకుని దిగండి.

పరిశోధనకు నేరుగా ఇచ్చే డబ్బు ఎంత?

మొత్తం ప్రోత్సాహకాలతో పోలిస్తే తక్కువే. 2023 జనవరిలో ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ 19,744 కోట్లలో ఉత్పత్తి ప్రోత్సాహకాలకు 17,490 కోట్లు, పైలట్ ప్రాజెక్టులకు 1,466 కోట్లు, పరిశోధనకు 400 కోట్లు. పరిశోధన వాటా 2 శాతం. ఉత్పత్తికి ఇవ్వొద్దని కాదు. పెద్ద ఎత్తున తయారుచేస్తేనే ఖర్చు తగ్గే మార్గాలు తెలుస్తాయి. సోలార్ ప్యానెళ్ల ధర అలా తగ్గిందే. కానీ ఎలక్ట్రోలైజర్ (కరెంటుతో నీటి నుంచి హైడ్రోజన్ తీసే యంత్రం) మెంబ్రేన్, ఉత్ప్రేరకం వంటివి ఫ్యాక్టరీ షెడ్డులో కాదు, ప్రయోగశాలలో పుడతాయి. అక్కడ పొదుపు చేస్తే ఆ భాగాలు పదేళ్లయినా దిగుమతి చేసుకోవాల్సిందే.

కంపెనీల సొంత పరిశోధన ఖర్చుపై ఉన్న పన్ను రాయితీ కూడా తగ్గుతూ వచ్చింది. ఒకప్పుడు ఆమోదం పొందిన ఆర్ అండ్ డీ విభాగంలో 100 రూపాయలు ఖర్చుచేస్తే 200 చూపించుకోవచ్చు. 2017-18 నుంచి 150 అయింది, 2020-21 నుంచి 100 మాత్రమే.

సబ్సిడీని ఎలా రాస్తే ఆవిష్కరణ పుడుతుంది? మన ప్రాంతపు ఉదాహరణ చెప్పగలరా?

మిర్చి డ్రయ్యర్ తీసుకోండి. కోసిన పండు మిర్చిలో 75 శాతం తేమ ఉందనుకుందాం. నిల్వకు 10 శాతానికి దింపాలి. 100 కిలోల కాయలో గట్టి పదార్థం 25 కిలోలు. ఎండాక బరువు దాదాపు 28 కిలోలు, పోవాల్సిన నీరు 72 కిలోలు. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2.4 మెగాజౌల్స్ కావాలి. మొత్తం 173 మెగాజౌల్స్, అంటే 48 యూనిట్ల కరెంటుతో సమానమైన వేడి. కల్లంలో ఎండకు ఆరబోస్తే ఈ వేడి ఉచితమే. కానీ మబ్బు పట్టినా, రాత్రి మంచు పడినా కాయ రంగు పోయి తాలు అవుతుంది, బూజు పడితే అఫ్లటాక్సిన్ అనే విషం భయం. ఎగుమతి సరుకైతే అక్కడే తిరస్కరిస్తారు.

ఇప్పుడు డ్రయ్యర్‌కి చదరపు మీటరు లెక్కన సబ్సిడీ ఇచ్చారనుకోండి. తయారీదారు పెద్ద పెట్టె చేస్తాడు, పాలికార్బనేట్ షీట్ ఎక్కువ వేస్తాడు. లోపల గాలి ఆడక కింది ట్రేల్లో కాయ ఉడికినట్టవుతుంది. రైతు ఒక్క సీజన్ వాడి దాన్ని పాత సామాన్లు పెట్టుకునే షెడ్డు చేస్తాడు. అదే సబ్సిడీని గంటకు తీసే నీటి కిలోలకు, ఎండిన కాయ రంగుకు ముడిపెడితే తయారీదారు ఫ్యాన్ల గురించి, ట్రేల మధ్య ఎడం గురించి, తేమ గాలి బయటికి పోయే దారి గురించి ఆలోచించక తప్పదు. కొలవడం కష్టమా? పెట్టేముందు, తీశాక తూకం వేస్తే చాలు. మిర్చి యార్డులో కాటాలు ఉన్నాయి.

సోలార్ పంపుల్లో ఇలాంటిది ఏమైనా జరిగిందా?

2019లో వచ్చిన పీఎం కుసుమ్‌లో విడి సోలార్ పంపుకి కేంద్రం 30 శాతం, రాష్ట్రం కనీసం 30 శాతం ఇచ్చేలా, 7.5 హెచ్‌పీ వరకు రూపొందించారు. పంపు ఏడాదిలో సగం రోజులు ఖాళీగానే ఉంటుంది. ఆ రోజుల్లో అవే ప్యానెళ్లతో గడ్డి కోసే యంత్రం, పిండి మర, చిన్న కోల్డ్ రూమ్ నడిపేలా యూనివర్సల్ కంట్రోలర్లు ఉన్నాయి. పథకం మార్గదర్శకాలు ఈ కంట్రోలర్‌ని అనుమతించాయి. కానీ సబ్సిడీని మామూలు కంట్రోలర్ ఉన్న పంపు ధర మీదే లెక్కగట్టాయి. అదనపు ఖర్చు రైతుదే. ఫలితం ఊహించడం కష్టం కాదు: మెరుగైన వస్తువుకి అనుమతి దొరికింది, గిరాకీ దొరకలేదు.

పాలసీ మధ్యలో మారితే ఏమవుతుంది?

ఆంధ్రప్రదేశ్‌లో అందరికీ గుర్తున్న విషయమే. 2019 జులైలో పవన, సోలార్ విద్యుత్ కొనుగోలు ఒప్పందాల రేట్లను సమీక్షించేందుకు రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది. అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు మధ్యంతరంగా పవన విద్యుత్‌కు 2.43, సోలార్‌కు 2.44 రూపాయలు చెల్లించమంది. 2022 మార్చిలో ఒప్పందంలో ఉన్న రేట్లే ఇవ్వాలని తీర్పు వచ్చింది. ఈ మధ్యలో గడిచినవి రెండున్నరేళ్లకు పైగా. అంతకాలం బకాయిలు నిలిచిపోతే కొత్త బ్యాటరీ ప్రయోగానికి అప్పిచ్చే బ్యాంకు ఉండదు. 2024 అక్టోబరులో వచ్చిన రాష్ట్ర సమగ్ర క్లీన్ ఎనర్జీ పాలసీ 160 గిగావాట్ల లక్ష్యం పెట్టుకుంది. ఆ లక్ష్యం ఎంత పెద్దదన్న దానికన్నా, రాసిన రేటు రాసినట్టు ఎన్నేళ్లు నిలుస్తుందన్నదే పెట్టుబడిదారు చూసేది.

జర్మనీ 2000లో చేసిన చట్టం ఇందుకు మంచి నమూనా. ఒకసారి ప్లాంటు పెడితే 20 ఏళ్లు రేటు మారదు. కానీ వచ్చే ఏడాది పెట్టే కొత్త సోలార్ ప్లాంటుకి రేటు 5 శాతం తక్కువ. ఆ తగ్గుదల ముందే చట్టంలో రాసి ఉంది. పెట్టినవాడికి భరోసా, పెట్టబోయేవాడికి ఖర్చు తగ్గించుకోవాల్సిన ఒత్తిడి, రెండూ ఒకేసారి.

ప్రభుత్వ డబ్బు తీసుకున్న కంపెనీ మునిగిపోతే పథకం విఫలమైనట్టేనా?

కాదు. అమెరికాలో సోలిండ్రా అనే సోలార్ ప్యానెళ్ల కంపెనీ 53.5 కోట్ల డాలర్ల రుణ హామీ పొంది 2011లో దివాళా తీసింది. 2010లో 46.5 కోట్ల డాలర్ల ప్రభుత్వ రుణం తీసుకున్న టెస్లా 2013కే తీర్చేసింది. కొత్త వాటికి డబ్బిస్తే కొన్ని పోతాయి. ఒక్కటి కూడా పోలేదంటే నిజంగా కొత్తదానికి ఇవ్వలేదని అర్థం.

విజయవాడ, గుంటూరు నుంచి స్టార్టప్ పెడితే ఏ డబ్బు ఏ దశలో అడగాలి?

ప్రోటోటైప్ దశలో కేంద్ర పథకం నిధి ప్రయాస్ కింద 10 లక్షల వరకు గ్రాంట్ ఉంటుంది. తర్వాత 2021లో వచ్చిన స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్: ఆలోచన పనిచేస్తుందని నిరూపించడానికి 20 లక్షల వరకు గ్రాంట్, మార్కెట్లోకి వెళ్లడానికి 50 లక్షల వరకు రుణం లేదా కన్వర్టిబుల్ డిబెంచర్ (తర్వాత కంపెనీ వాటాగా మార్చుకోగల అప్పు పత్రం). ఇక్కడే చాలామంది చిక్కుకుంటారు. కంపెనీ రిజిస్టరై రెండేళ్లు దాటకూడదు, ఇతర ప్రభుత్వ పథకాల నుంచి 10 లక్షలకు మించి తీసుకుని ఉండకూడదు. కాలేజీలో ఉండగా తొందరపడి కంపెనీ రిజిస్టర్ చేసి, చదువయ్యాక పని మొదలుపెట్టేసరికి రెండేళ్లు అయిపోతాయి. ప్రోటోటైప్ చేతికొచ్చేదాకా రిజిస్ట్రేషన్ ఆపుకోవడమే మంచిది.

పైకప్పు సోలార్‌లో కొత్త పద్ధతులకు సూర్యఘర్ పథకంలోనే 500 కోట్లు విడిగా ఉంచారు. ప్రాజెక్టు ఖర్చులో 60 శాతం లేదా 30 కోట్లు, ఏది తక్కువైతే అది ఇస్తారు. ఇళ్ల మధ్య కరెంటు అమ్మకాలు, విద్యుత్ వాహనాలతో కలిపిన వ్యవస్థలు, బ్యాటరీ నిల్వ ఇందులోకి వస్తాయి. మిగతా 40 శాతం మీది కాబట్టి ఒంటరిగా కాకుండా డిస్కం (విద్యుత్ పంపిణీ సంస్థ) లేదా పెద్ద కంపెనీతో కలిసి వెళ్లండి. పెద్ద దశకు 2025 జులైలో కేంద్రం ఆమోదించిన లక్ష కోట్ల పరిశోధన, ఆవిష్కరణల నిధి ఉంది. అది గ్రాంట్ కాదు, ప్రధానంగా దీర్ఘకాలిక రుణం. ప్రయోగశాల దశ దాటిన టెక్నాలజీకే వర్తిస్తుంది.

మెంటార్లు, స్థలం కోసం మంగళగిరిలో 2025 ఆగస్టులో ప్రారంభమైన రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ దగ్గర్లో ఉంది. డిస్కం అనుమతుల పనికి మన ప్రాంతపు డిస్కం ఏపీసీపీడీసీఎల్ ప్రధాన కార్యాలయం విజయవాడలోనే ఉంది.

ఒక హెచ్చరిక: ఎక్స్‌పోలో చూపించే ముందే ప్రొవిజనల్ పేటెంట్ దాఖలు చేయండి. స్టార్టప్‌కి ఆన్‌లైన్ ఫీజు 1,600 రూపాయలే. పూర్తి దరఖాస్తుకి 12 నెలల గడువు ఉంటుంది.

గ్రాంట్ వచ్చాక ఎక్కడ దెబ్బతింటాం?

మొదటిది, కాలం లెక్క. ప్యానెల్ మన్నికను చూసే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61215 పరీక్షలో 85 డిగ్రీల వేడి, 85 శాతం తేమలో 1,000 గంటలు ఉంచాలి. అదొక్కటే 42 రోజులు. మైనస్ 40 నుంచి 85 డిగ్రీల వరకు 200 సార్లు వేడిచేసి చల్లార్చడం వేరు. ల్యాబ్‌లో క్యూ ఇంకా వేరు. ఆరు నెలల మైల్‌స్టోన్‌లో పరీక్షకు ఒక నెల రాసి సంతకం పెట్టేవాళ్లు రెండో విడత పోగొట్టుకుంటారు. ఒకసారి ఫెయిలై మళ్లీ పంపడానికి కూడా రోజులు రాయండి.

రెండోది, ఖాతా. గ్రాంట్‌కి విడి బ్యాంకు ఖాతా తెరవండి. దాని మీద వచ్చిన వడ్డీ మీది కాదు, ప్రభుత్వానికి తిరిగి కట్టాలి. ఖర్చుల లెక్క చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్‌లో ఆ వడ్డీ చూపకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. యంత్రం కోసం మంజూరైన డబ్బుతో జీతాలిస్తే, తర్వాత సర్దినా అభ్యంతరం తప్పదు. మార్పు కావాలంటే ఖర్చుకు ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి.

మేం సోలార్ బిగించే కంపెనీ. ఆవిష్కరణకు డబ్బే మిగలడం లేదు, ఎందుకు?

డబ్బు కస్టమర్ సబ్సిడీలో ఇరుక్కుని ఉంటుంది. సబ్సిడీ కస్టమర్ ఖాతాలో పడాలి. పోటీలో నెగ్గడానికి ‘అది వచ్చాకే ఇవ్వండి’ అంటే, 20 ఇళ్లకు 15.6 లక్షలు మీ జేబులోంచి వెళ్లినట్టే. ఆ జాప్యానికి ఎక్కువసార్లు కారణం పేరు తేడా: కరెంటు బిల్లు తాతగారి పేరున, బ్యాంకు ఖాతా మనవడి పేరున. సర్వే రోజునే బిల్లు, ఆధార్, పాస్‌బుక్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. పేరు మార్పు అవసరమైతే అది పూర్తయ్యాకే మెటీరియల్ దింపండి. కస్టమర్‌కి తక్కువ వడ్డీ బ్యాంకు లోను ఇప్పించి మీ బిల్లు మొత్తం ముందే తీసుకోవడం ఇంకా మంచిది.

పన్ను మాటేమిటి?

యంత్రానికి వచ్చిన సబ్సిడీని దాని ఖరీదులోంచి తీసేసి మిగతాదానికే తరుగుదల లెక్కించాలి. అలా తీయని గ్రాంట్ సాధారణంగా ఆదాయమే. సోలార్ పరికరాలపై జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కి తగ్గింది. పరికరాలు, బిగింపు కలిపిన కాంట్రాక్టులో 70 శాతం వస్తువు, 30 శాతం సేవగా లెక్కిస్తే మొత్తం మీద 8.9 శాతం పడుతుంది.

సబ్సిడీ కాకుండా ప్రభుత్వం ఆవిష్కరణకు వేరేలా సాయపడగలదా?

పెద్ద ఎత్తున కొనొచ్చు. ఎల్‌ఈడీ బల్బుల పథకం మన రాష్ట్రంలో 2014లో మొదలైన తొలి జిల్లాల్లో గుంటూరు ఒకటి. పాత బల్బు, 10 రూపాయలు ఇస్తే ఎల్‌ఈడీ ఇచ్చేవారు. కేంద్ర సంస్థ ఈఈఎస్‌ఎల్ టెండర్లలో బల్బు ధర 2014లో 310 రూపాయలుంటే రెండు మూడేళ్లలో 38కి దిగింది. కోట్ల బల్బుల ఆర్డర్ ఖాయమని తెలిసి తయారీదారులు డ్రైవర్ సర్క్యూట్‌నీ అసెంబ్లీ లైన్‌నీ మార్చుకున్నారు. కోల్డ్ స్టోరేజీలకు సోలార్ నిల్వ వ్యవస్థలను ఇలా ఉమ్మడిగా కొంటే గుంటూరులోనే మంచి మార్కెట్ ఉంది.

సబ్సిడీ ఆగే రోజుకు ఎలా సిద్ధపడాలి?

మీ ప్రతి ఉత్పత్తికీ రెండు ధరల పట్టిక రాయండి: సబ్సిడీతో ఒకటి, లేకుండా ఒకటి. లేని ధరకు కస్టమర్‌కి ఎన్నేళ్లలో పెట్టుబడి తిరిగొస్తుందో వేయండి. మన ఎండకు కిలోవాట్‌కి నెలకు సుమారు 120 యూనిట్లు వస్తాయి, అతను ఇప్పుడు కడుతున్న స్లాబు రేటుతో గుణిస్తే చాలు. సూర్యఘర్ 2026-27 ఆర్థిక సంవత్సరం వరకు ప్రకటించిన పథకం. ఆ పట్టికలో రెండో వరుస ఏడేళ్లు దాటిపోతే, తగ్గించాల్సింది ఎక్కడో ఇప్పుడే వెతకండి. ముందుగా స్ట్రక్చర్ చూడండి. విజయవాడలో ప్రమాణాల ప్రకారం స్ట్రక్చర్ తట్టుకోవాల్సిన గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, కాబట్టి ఇనుము మందం తగ్గించకూడదు. కానీ ఎత్తు తగ్గిస్తే గాలి ఒత్తిడీ తగ్గుతుంది, ఇనుమూ మిగులుతుంది.